తినని కేకు

హలో… ఆ, నేనే వదినా. మీ తమ్ముడి ఫోన్ నా దగ్గరే ఉంది… లేదు, ఆయన హాల్లో కూచున్నారు. ముందు వరసలో. మీరే కదా అక్కడ కూచోబెట్టమన్నారు.

నేనా? హాలు పక్క గదిలో… ఆ, మీ సెంటర్‌లోనే. తలుపేసుకుని మాట్లాడుతున్నాను.

టైరా?… అయ్యయ్యో. ఫ్లైఓవర్ మీదా?… మెకానిక్ బయల్దేరాడా?… సరే సరే, కంగారుపడకండి. ఇక్కడేం కొంపలు మునిగిపోవట్లేదు.

వచ్చారు. అందరూ వచ్చారు. మీ పాత బ్యాచి మొత్తం దిగింది. రిటైరైన టీచరమ్మ, బేకరీ ఆయన, ఆ కవల అక్కచెల్లెళ్ళు… ఆ, కొత్త బ్రాంచి పెడతామన్న దంపతులు కూడా. ఆయన టై కట్టుకుని మరీ వచ్చాడు, పెళ్ళిచూపులకి వచ్చినట్టు.

చెప్పండి, ఏం చెయ్యాలి?

మీ తమ్ముణ్ణి కాటా ఎక్కించాలి… అంకె నేను పైకి చదవాలి… చదివి?… "ఇదంతా క్యాలరీల లెక్క మహిమ" అనాలి… ఇంకేం కాదు, లెక్కే అనాలి. తర్వాత చప్పట్లు.

బాగుంది. చాలా బాగుంది వదినా.

నవ్వట్లేదు. నా గొంతే అంత.

ఎలాగూ మెకానిక్ వచ్చేదాకా మీకు పని లేదుగా, ఒక మాట అడగనా?… పోయినేడు ఆయన ఇదే కాటా ఎక్కారు. గుర్తుందా?… మీకు గుర్తుండకపోవచ్చు, మీరు వారం వారం ఎవర్నో ఒకర్ని ఎక్కిస్తారు. బరువు తగ్గనివాళ్ళు కాటా దిగకుండా, అందరివైపూ తిరిగి, దొంగచాటుగా ఏం తిన్నారో ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే దిగనిస్తారు… ఆ, "నిజాయితీ నిమిషం". పేరు మాత్రం భలే పెట్టారు.

నేను తలుపు దగ్గరే ఉన్నాను ఆ రోజు. ఏమీ తినలేదక్కా అన్నారు ఆయన. మీరు మళ్ళీ అడిగారు, ఆయన మళ్ళీ అదే అన్నారు. మీరు నవ్వారు. మీరు నవ్వగానే హాలంతా నవ్వింది. చెమటలు పట్టేశాయి మనిషికి. ఆఖరికి తల దించుకుని, "కేకు తిన్నానక్కా" అన్నారు. "ఎంత?" అని మీరు. "మొత్తం" అని ఆయన.

ఎంత చప్పట్లు కొట్టారో అందరూ!

…పాతదే. కాదన్నానా? కానీ నాకింకా అరగలేదు.

సరదాకా? సరదాకి తీసిన వీడియో మీ సెంటర్ పేజీలోకి ఎందుకెళ్ళింది?… మొహం కప్పేశారా? ఏం కప్పారు, కళ్ళ మీద ఓ నల్లగీత గీశారు. ఆ పొట్ట, ఆ గొంతు, ఆ చారల చొక్కా… ఎవరు పోల్చుకోలేరు? ఆయన పనిచేసే యార్డులో అందరూ చూశారు. మర్నాటి నుంచీ ఆయన పేరు కేకు. "కేకూ, హుక్కు దించు." "కేకూ, టీలోకి ఏమైనా కావాలా?" ఇంటికొచ్చి నాకు చెప్పలేదు కూడా. వాళ్ళ క్లీనరు పెళ్ళాం చెబితే తెలిసింది నాకు.

అవును, క్రేన్ క్యాబిన్‌లో కునికారు. దాచను. హుక్కుకి పైపుల కట్ట వేలాడుతోంది, కింద మనుషులు అరుస్తున్నారు, ఈయన పైన తల వాల్చేశారు. ఎవరికీ ఏమీ కాలేదు, మా అదృష్టం బాగుంది. అప్పుడు క్రేన్ మీంచి దింపేశారంటే తప్పుపట్టను. నేనైనా దింపేదాన్ని.

కానీ ఇప్పుడు? ఇప్పుడు నిద్రజబ్బు చూసే డాక్టరమ్మ రాసిచ్చింది, పగలు నిద్ర తూలట్లేదు, పని చేసుకోవచ్చు అని. ఫోర్‌మన్ ఆ కాగితం చూసి ఏమన్నాడో తెలుసా? "నిద్ర సంగతి డాక్టర్ చెప్పింది, బాగుంది. మరి నోటి సంగతో? తినలేదు తినలేదు అని, సొంత అక్క నిలదీస్తే తిన్నానన్నాడు. రేపు పైన కళ్ళు మూతలు పడుతుంటే, పడట్లేదు అనడని ఏంటి గ్యారంటీ?" అన్నాడు. అంతే. స్టోర్‌రూమ్‌లో నట్లూ బోల్టులూ ఏరుకుంటూ కూచున్నారు మీ తమ్ముడు. ఇన్నేళ్ళు ఆకాశంలో కూచుని పని చేసిన మనిషి వదినా…

ఏడవట్లేదు. ఏడుపు అప్పుడే అయిపోయింది. ఇప్పుడున్నది వేరే.

…సరే, మీరే చెప్పండి. వింటాను… ఊఁ… ఊఁ… లోపలికి వెళ్ళేదెంత, ఖర్చయ్యేదెంత. ఇంకో సంగతే లేదు. ఊఁ.

అయితే ఇది చెప్పండి. ఆయనకి చార్టు వేసినప్పుడు ఖర్చు దగ్గర ఏమనుకున్నారు? నిచ్చెనలెక్కి దిగే మనిషి, చురుకైనవాడు అనుకున్నారు. ఎవర్నడిగి? నన్నడిగారా? పక్కన పడుకునేదాన్ని నేను.

గురక పెట్టీ పెట్టీ టక్కున ఆగిపోయేవారు. గురకే కాదు, ఊపిరే ఆగేది. నేను లేచి కూచుని ఆయన ఛాతీ వంక చూస్తుండేదాన్ని, ఎప్పుడు కదులుతుందా అని. నీళ్ళలో మునిగినవాడు పైకి తేలినట్టు ఒక్కసారి గాలి లాక్కునేవారు, మళ్ళీ గురక. తెల్లార్లూ అదే. ఇక పగలు ఎక్కడ కూచుంటే అక్కడే కునుకు. కాళ్ళు వాచి చెప్పులు పట్టేవి కావు. షిఫ్ట్ దిగొచ్చి సోఫాలో పడితే మళ్ళీ లేచేది లేదు. ఆ మనిషికి మీరు చురుకైనవాడి లెక్క వేశారు. తినేది మాత్రం గ్రాముల్లో తూచమన్నారు. తూచాను వదినా! ప్లేటు కింద వంటింటి కాటా పెట్టి మరీ తూచాను. సగం కడుపుతో లేచి, మిగతా సగాన్ని మంచినీళ్ళతో నింపుకునేవారు. బరువు దిగకపోతే, ఇంట్లో దొంగతిండి నేనే పెడుతున్నానన్నారు మీరు. మా అత్తగారు కూడా నమ్మారు. వంటింటికి తాళం వేస్తానని తాళాలు అడిగి తీసుకున్నారు!

చెప్పాను! ఎందుకు చెప్పలేదు? మీ వంటింట్లో నిలబడి చెప్పాను, నిద్రలో ఊపిరి ఆగుతోంది వదినా, భయమేస్తోంది అని. "లావుంటే గురక రాదా ఏంటి, సన్నబడితే అదే పోతుంది, ముందు నువ్వు చెయ్యి బిగించు" అన్నారు. నేను చెయ్యి బిగించాను. ఆయన పైపుల కట్టని గాల్లో వేలాడదీసి కునికారు.

…లేదు, డాక్టరమ్మ ఇచ్చిన మాస్కు పెట్టగానే కరిగిపోలేదు. మీ ముందు అబద్ధం ఎందుకాడాలి? రాత్రిపూట ఆ గాలి మెషీన్ తగిలించుకున్న మొదట్లో కాస్త పెరిగారు కూడా. డాక్టరమ్మ ముందే చెప్పింది. ఈ మెషీన్ సన్నబరిచేది కాదమ్మా, నిద్రపోనిచ్చేది, సన్నబడటం మీ పనే, కానీ ఆ పని చెయ్యాలంటే మనిషి ముందు మెలకువగా ఉండాలిగా అంది. నిద్ర చాలని ఒంటికి ఆకలీ ఎక్కువేనంది, కదలబుద్ధీ కాదంది.

నెమ్మదిగా లేచారు. ముందు వీధి చివరిదాకా, తర్వాత మార్కెట్ దాకా, ఇప్పుడు నేను పరిగెత్తితే గానీ ఆయన్ని అందుకోలేను. కాళ్ళ వాపు పోయింది. ఇప్పటికీ కొలిచే తింటున్నారు… ఆ, మీ చార్టే. అదే చార్టు వదినా! అప్పుడు ఎందుకు తగ్గలేదు, ఇప్పుడు ఎందుకు తగ్గారు? లెక్క తప్పని నేనట్లేదు. లెక్క కావాలి. లెక్క ఒక్కటే చాలంటే మాత్రం చస్తే ఒప్పుకోను. మనిషి నిద్రపోతున్నాడా, ఊపిరి తీస్తున్నాడా అని కూడా అడగని లెక్కేం లెక్క?

హలో?… హలో?… తెగుతోంది. ఈ గదిలో సరిగ్గా అందట్లేదు. ఉండండి, బయటికొస్తున్నాను… ఒక్క క్షణం…

ఆ. ఇప్పుడు చెప్పండి. మీ గొంతు ఎంత బాగా వస్తోందో.

గుయ్‌మంటోందా?… పెద్ద హాలు కదా మరి.

అబ్బే, గొడవేం లేదు. అందరూ బుద్ధిగా కూచున్నారు.

ఎక్కిస్తాను, ఎక్కిస్తాను. ఒక్కదానికి జవాబు చెప్పండి, ఎక్కిస్తాను. ఆ రోజు ఆయన కేకు తిన్నానంటే మీరు నమ్మారా?

…దాటెయ్యకండి. నమ్మారా, లేదా?

లేదా?

ఎందుకు నమ్మలేదు? మీ నోటితోనే చెప్పండి… ఊఁ… గుడ్డు పడదు ఆయనకి. అంతేగా? గుడ్డు కలిసింది ఏది తిన్నా ఒళ్ళంతా దద్దుర్లు. పెదాలు వాచిపోతాయి. పెళ్ళయిన కొత్తలో నేను ప్రేమగా కేకు తెస్తే, డబ్బా వంక చూసి దండం పెట్టారు. నాకప్పుడు తెలిసింది. మీకు ఆయన పాలు మానినప్పట్నుంచీ తెలుసు. మీ పుట్టినరోజుల్లో ఆయనొక్కడికీ విడిగా బిస్కెట్లు పెట్టేదాన్నని మీరే చెప్పారు నాకు.

ఆ రోజు ఈ హాల్లో అది అబద్ధమని తెలిసింది ముగ్గురికే. ఆయనకీ, నాకూ, మీకూ. నేనేమనుకుంటానో తెలుసా? ఆయన కావాలనే కేకు అన్నారు. ఇంకేమన్నా అనొచ్చుగా. కేకు అంటే అక్కకి అర్థమవుతుంది, వీడు అలసిపోయి అంటున్నాడు, ఇక చాలు దింపండి అంటుంది అనుకున్నారు. మీరేమో "ఎంత?" అన్నారు.

వింటున్నాను… వింటూనే ఉన్నాను, నిదానంగా చెప్పండి… అప్పుడు బ్యాచి చెదిరిపోతోంది. ఊఁ. ఎవరికీ బరువులు దిగట్లేదు. ఒక్కడైనా ఒప్పుకోకపోతే మీ పద్ధతి మీద నమ్మకం పోతుంది… అందుకని మీ తమ్ముడు. బయటివాళ్ళయితే ఎదురు తిరుగుతారు, మీ తమ్ముడైతే మాట పడి ఊరుకుంటాడు… మీరన్న మాటే వదినా ఇది, నేను కల్పించింది కాదు.

మనిద్దరి మధ్యే ఉండాలా?

అలాగని నేనెక్కడన్నాను?

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మైకు పక్కనే పెట్టాను. మీరు నమ్మలేదు అన్న దగ్గర్నుంచీ అందరూ విన్నారు.

…హలో… ఉన్నారా?… ఆ, ఊపిరి వినపడుతోంది. మంచిది. ఊపిరి తీస్తూ ఉండండి, దాని విలువ మా ఇంట్లో అందరికీ తెలుసు.

టీచరమ్మ లేచి నిలబడింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బేకరీ ఆయన మాత్రం తల దించుకున్నాడు. పోయిన నెల ఆయన ఒప్పుకున్నదాంట్లో నిజమెంతో మరి, మీకే తెలియాలి. టై ఆయన టై వదులు చేసుకుంటున్నాడు… లేదు, ఇంకా వెళ్ళలేదు. వెళ్తారులెండి.

మీ తమ్ముడికి తెలీదు, నేనిలా చేస్తానని. పాపం, కళ్ళతో ఆపమంటున్నారు… ఆపను. కూచోండి మీరు. కూచోండి అంటున్నానా? ఇన్నాళ్ళూ నిలబడింది చాలు… మీతో కాదు వదినా, ఆయనతో.

పగా? పగే. దానికింకో పేరు పెట్టి మర్యాద చెయ్యను. ఏడాదిగా సన్నసెగ మీద పెట్టి వండుకున్నాను. మాడిపోకుండా, పొంగిపోకుండా. మీరు ఫోన్ చేసి, తమ్ముణ్ణి తీసుకురా, అందరికీ చూపిద్దాం అన్నప్పుడు, సరే వదినా అన్నాను చూశారా? ఆ రాత్రి నాకు భలే నిద్రపట్టింది.

కుటుంబం పరువా?… ఏ కుటుంబం? ఆయన పరువు ఈ కాటా మీద పెట్టి తూచినప్పుడు అది కుటుంబం పరువు కాదా? అప్పుడెటు పోయారు మీరందరూ?

అత్తగారికి నేనే చెప్పుకుంటాను. వంటింటి తాళాలు వెనక్కి అడిగేటప్పుడు చెబుతాను.

పెట్టెయ్యండి. మీ ఇష్టం. పెట్టేస్తే మాత్రం ఆయన కాటా ఎక్కరు, మైకు నా చేతిలోనే ఉంటుంది, మిగతా కథ నేను చెబుతాను. నాకు మీ అంత అందంగా మాట్లాడటం రాదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను.

…నాకేం కావాలా? నాకు మీ క్షమాపణలేం వద్దు. దాన్ని ఎక్కడ పెట్టుకోను? ఒక్క మాట చెప్పండి. నా తమ్ముడు ఆ కేకు తినలేదు, తినలేదని తెలిసే నేను ఒప్పించాను అని. వాడు, వీడు అనకుండా. మీ పేరు మీరు చెప్పుకుని, నా తమ్ముడు అని.

రేపు కాదు. ఇప్పుడు.

కన్నీళ్ళు తర్వాత. ముందు మాట.

…ఊఁ… మొదలుపెట్టండి…

సరిపోలేదు వదినా. ఇంకాస్త గట్టిగా. ఇక్కడ ముందు వరసకే అందింది. చివరి వరసలో తలుపు దగ్గర వాళ్ళ ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు… ఆ, నేనే రమ్మన్నాను. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు పాపం.

…

ఆ. విన్నాడు.

పెట్టేస్తున్నాను.