కిష్టవ్వ పేరు మీది డబ్బా

కిష్టవ్వనా? నా పెండ్లామే బిడ్డా. మీ మెడికల్ కాలేజీ పాత బుక్కుల ఇంక గా పేరున్నదా? సచ్చిపోయి తొమ్మిదేండ్లాయె. కూసో సృజనా, గిట్ల మంచం మీద కూసో, చెప్తా.

గప్పుడు గూడ గిట్లనే మీ కాలేజోల్లు మా ఊరికి పరిశోధనకని వచ్చిండ్రు. గాల్లకు అతియా డాక్టరమ్మ పెద్ద. మనిషి సన్నగుంటది, గొంతు మైకు తీరు. 'మీరు ఉప్పెంత తింటున్నరు, కిడ్నీలు ఎట్లున్నయ్, సూస్తం. పొద్దుగాల నుంచి మల్ల తెల్లారి పొద్దుగాల దాక పోసిన ఉచ్చంత డబ్బాల వట్టియ్యాలె, ఒక్క చుక్క పారబొయ్యద్దు' అన్నది. జనం ఒకటే నవ్వుడు. ఒక్కడు ముందుకు రాలే. నేను లేచిన. మొండయ్య అంటె ఏమనుకున్నవ్? మంథని బస్సు బురదల దిగవడితె ఒక్క భుజంతోని లేపినోన్ని. ఏందా నవ్వు? సరే, ఇంకో ఇరవై మంది జర చెయ్యేసిండ్రు. 'రెండు డబ్బాలియ్యి డాక్టరమ్మా, నాకోటి, నా పెండ్లానికోటి' అన్న. చప్పట్లే చప్పట్లు.

ఇంటికొస్తె కిష్టవ్వ సీపురు లేపింది. 'నీకు సిగ్గు లేకపోతె నాకన్న ఉండద్దా? రేపు పదిమంది ఆడోల్లతోని నాటుకు పోవాలె. గా డబ్బా సంకల వెట్టుకొని ఒడ్డెక్కాల్నా? మల్ల దాని మీద నా పేరు రాసి మొగోడు బండి మీద తీస్కపోతడట, థూ!' అన్నది. ఆమె మాట తప్పా? కాదు. కని నేను ఊరి ముందల మాటిచ్చినోన్నాయె. తెలివికి తక్కువోన్నా? రెండు డబ్బాలు నేనే నింపిన! ఒకపారి ఇండ్ల, ఒకపారి అండ్ల. సాలుతదా? సర్వెడు మజ్జిగ తాగిన, బిందెడు నీళ్లు తాగిన. ఆమె నాటు కాడ, నేను పొద్దంత దొడ్లె. గసుంటి కష్టం జన్మల చెయ్యలే.

నెలకు పరీక్షల కాగితాలొచ్చినయ్. డాక్టరమ్మ పరేషాన్. 'మొండయ్యా, ఆలుమొగలియి ఇంత ఒక్క తీరుగుండుడు నేనేడ సూడలే' అన్నది. మీసం తిప్పిన. 'ముప్పై ఏండ్ల సంసారం డాక్టరమ్మా, ఒక్క కుండల కూడు' అన్న. కిష్టవ్వ కొంగు నోట్లె కుక్కుకొని ఒకటే నవ్వుడు.

మల్ల ఏమైందా? ఏమైతది... రెండో ఏడు ఆమెకు కాళ్లు వాసినయ్. నీళ్లల్ల నిలవడి నాటేసుడుతోని అనుకున్నం. మొఖం గూడ ఉబ్బింది. నేనే అన్న, ఈ నోటితోనే, 'ఫికర్ వడకు, కిడ్నీలు మంచిగున్నయని కాగితమిచ్చిండ్రు గద.' ఊరందరికి చెప్పి చెప్పి నేనే నమ్మిన సూడు! ఆమె నన్ను సూసి, 'అది నీ కాగితం గదయ్యా' అన్నది. గంతే. గప్పుడు జల్ది కరీంనగర్ల మీ కాలేజి దవాఖానకు తీస్కపోతి. అప్పటికే రెండు కిడ్నీలు ఖరాబైనయ్. అతియా డాక్టరమ్మ పాత కాగితం వట్టుకొని, 'రెండేండ్ల కింద మంచిగుండె గద కిష్టవ్వా, ఇంత జల్ది ఎట్లయింది?' అన్నది. కిష్టవ్వ నా దిక్కు సూసింది. నేను చెప్పుల దిక్కు సూసిన. 'ఏమో డాక్టరమ్మా, నాకేం ఎర్క' అన్నది. గా మనిషి పానం పొయ్యేటప్పుడు గూడ నా ఇజ్జతే కాపాడింది.

గా బుక్కుల ఆమె పేరు మీదున్నది కొట్టెయ్ బిడ్డా. అది నాది. డాక్టరమ్మ ఇప్పుడు మీకు పెద్ద మేడమన్నవ్ గద? ఫోన్ కలుపు. నువ్వు చెప్పకు, నేనే చెప్తా... కలిసిందా? ఇగో, జర గట్టిగ వినవడేటట్టు పెట్టు.