పాత ఊట

ఉప్పునీటిలో కూరగాయలు ఊరేసి అమ్మే చిన్న కార్ఖానా. దుకాణం తలుపుకి అంటించే ప్రకటన తమ్ముడు చెప్తున్నాడు, అక్క రాస్తోంది. చేతిరాత బాగుండటం కూడా ఒక్కోసారి శిక్షే.

"'ప్రతి జాడీకీ మా పాత ఊటే తోడు వేస్తాం. అందులో బతికుండే మంచి సూక్ష్మజీవులే కూరగాయల్ని కాపాడతాయి. బూజు పట్టకుండా లవంగాల కషాయం పోస్తాం. అంతకుమించి ఏ మందూ కలపం.' రాశావా?"

"ఊఁ."

"'ఈసారి జాడీల్లో బూజుని చంపే మందు పొడి కలిపింది మా పిన్ని. ఆవిణ్ని పనిలోంచి తీసేశాం.'"

"పిన్ని అనే రాయాలా? ఎవరో అంటే సరిపోదూ?"

"ఎవరో అంటే నువ్వో నేనో అనుకుంటారు. రాయక్కా."

"పెన్ను పడట్లేదురా."

"ఇప్పటిదాకా పడిందిగా! ఇంద, ఇది తీసుకో."

"అసలు పిన్నే వేసిందని నీకెవరు చెప్పారు?"

"తనే! పొద్దున మన ఊటని పరీక్షించి ల్యాబువాళ్లిచ్చిన కాగితం చూపించి, ఈ పొడి ఎలా వచ్చింది పిన్నీ అన్నానో లేదో, నేనే వేశాను అనేసింది. నిన్న నువ్వూ అన్నావుగా, ఆఖర్న మూతలు పెట్టేది పిన్నే అని."

"మూతలు పెడుతుందన్నాను. పొడి వేసిందన్నానా?"

"ఆ మాటకి ఇంకేం అర్థముందక్కా?"

"పాపం, ఒక్క జాడీలోనే వేసుంటుందిరా. కషాయం పోయడం మర్చిపోయుంటుంది, పైన బూజు కట్టుంటుంది. ఒకే ఒక్క చెంచా..."

"ఆ ఒక్క జాడీలోంచే కదా మిగతా అన్నిటికీ తోడు తీశాం! చెంచాడు పొడికి పన్నెండేళ్ల ఊట చచ్చిపోయింది."

"కావాలని చేసుండదు. భయపడుంటుంది. చేశాక చెప్పడానికి నోరు రాదు. నాలుగు రోజులుగా ముద్ద దిగదు..."

"ఎవరికి?"

"పిన్నికి."

"ఆవిడ బ్రహ్మాండంగా తింటోంది. తినంది నువ్వే."

"ఏడ్చిందా?"

"లేదు. అదే నాకు మండింది! నవ్వుతూ సంచి సర్దుకుంది. ఆఁ, మర్చేపోయాను. ఈ సీసా నీ చేతికే ఇమ్మంది."

"ఏమిటది?"

"మన పాత ఊటే. పోయిన నెల ఇంట్లో వాడుకోవడానికి కాస్త పట్టుకెళ్లిందట. మూత కొంచెం వదులు చేస్తే బుస్సుమంది. బతికే ఉందక్కా! మళ్లీ మొదలుపెట్టొచ్చు."

"అయ్యో, పిన్నీ..."

"సంతోషించక ఆ కళ్లనీళ్లేమిటి?"

"ఇంకేమైనా అందా?"

"ఏదో అందిలే, నాకు అర్థం కాలేదు."

"ఏమందిరా?"

"'మీ అక్క గదిలో, అల్మరాలో దుప్పట్ల కింద ఓ డబ్బా ఉంది. అది పారేశాకే ఈ సీసా మూత తియ్యమను' అంది. ఏం డబ్బా?"

"అయితే పిన్నికి ముందే తెలుసన్నమాట."

"అక్కా, నిన్నే. ఏం డబ్బా?"

"ఇంకో తెల్ల కాగితం ఇవ్వు. పిన్ని అని రాసినచోట నా పేరు రాయాలి."