టూ క్లబ్స్ మీద పాస్

కోదాడలో బ్రిడ్జి పేకాట పోటీ ఫైనల్ ఓడిపోయి యశోద, ఆమె తమ్ముడు భాస్కర్ కారులో సూర్యాపేటకు తిరిగి వస్తున్నారు. బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చునే ఇద్దరూ ఒక జట్టు. కారు భాస్కర్ నడుపుతున్నాడు.

"పాస్ అన్నవ్. నోరెట్ల వచ్చిందిరా నీకు? పాస్ అన్నవ్!"

"అయిపోయింది గదా అక్కా. ఇడిసిపెట్టు."

"ఇడిసిపెట్ట. చెప్పు, అవతలి జట్టు సైదయ్య ఏమని మొదలువెట్టిండు?"

"వన్ నోట్రంప్."

"అంటే?"

"నాకు తెల్వదా అక్కా?"

"తెల్సో తెల్వదో అదే సూస్తున్న. అంటే?"

"చేతిల బలముంది, నాలుగు రంగులు ఇంచుమించు సమంగ ఉన్నయ్, తురుపు లేకుంట ఆడుత అని."

"ఆళ్లను అట్లనే ఆడనిస్తే మనం మునుగుతం. అందుకే నేను అడ్డం వడ్డ. టూ క్లబ్స్ అన్న. మన ఒప్పందంల టూ క్లబ్స్ అంటే?"

"అక్కా, ముంగట లారీ ఉంది."

"లారీని కండ్లతోని సూడు. నోటితోని చెప్పు."

"పేరుకే క్లబ్స్, అంటే కళావర్లు. వాటితోని పని లేదు. నీ కాడ ఆఠీన్లు, ఇస్పేట్లు రెండూ నిండుగ ఉన్నయ్. రెండిట్ల ఏది మంచిదో నేను పలకాలె."

"మరి పలికినవా? పాస్ అన్నవ్! ఒక్కటంటే ఒక్క కళావర్ ముక్క వెట్టుకొని, నా మాటే ఖాయమై, కళావర్లే తురుపుగ ఆడిన నేను. ఆట సూడొచ్చిన కాటయ్య సార్ నా యెనక నిలవడి నవ్విండు."

"మర్చిపోయినక్కా. ఆ టైంకు గుర్తుకు రాలే."

"పొద్దున సెమీస్‌ల నేను గిదే మాట అంటే ఠక్కున ఆఠీన్ అన్నవ్. గంతల్నే మర్చిపోయినవా?"

"ఫైనల్ గదా. జర పరేషాన్ అయిన."

"పరేషానా? 'మీ అక్కగారు టూ క్లబ్స్ అన్నారు, దానర్థం ఏంటండీ' అని సైదయ్య జోడీ సుమతి నిన్ను అడిగిందా, లేదా?"

"అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"అడిగితే చెప్పుడు రూల్ గదా."

"చెప్పినవ్! ఆఠీన్లు, ఇస్పేట్లు రెండూ ఉన్నయండీ అని పంతులు లెక్క చెప్పినవ్. చెప్పిన నోటితోనే పాస్ అన్నవ్. మర్చిపోయినోడు అట్ల చెప్తడా?"

"నా చేతిల కళావర్లు మంచిగుండె. గందుకే..."

"రూల్ ప్రకారం నీ ముక్కలన్నీ టేబుల్ మీద నా ముంగట్నే పరిచినవ్ గదరా! కళావర్లు మూడు, అవి గూడ అన్నీ చిల్లరయి. ఆఠీన్లు నాలుగు, రాజుతోని సహా. ఆఠీన్ అంటే కండ్లు మూసుకొని గెలిచెటోళ్లం."

"ఆట గదక్కా. అవుతయ్ గిట్ల."

"ఆట కాదు. కావాల్నని చేసినవ్."

"ముందు ఇంటికి పోదాం."

"గెలిచిన మ్యాచ్ కావాల్నని ఓడగొట్టినవ్. చాయ్ కాడ సుమతితోని ఏం గుసగుసలు? రేపట్నించి ఆమెకు జోడీగ కూసుంటవా?"

"సుమతిని నడుమ తేకు. ఆమెకేం తెల్వదు."

"ఆమెకు తెల్వదంటే నీకేదో తెల్సన్నట్టు. ఏం తెల్సు?"

"ఏం లేదు."

"సిగ్గుండాలెరా. నౌకరీల చేరినంక ఆఫీసర్ల క్లబ్బుల నేను నేర్చుకొచ్చి, గొర్ల దొడ్డి కాడ నిన్ను కూసోవెట్టి నేర్పిన ఆట ఇది. నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్. గెలిస్తే సోమవారం హైదరాబాద్‌ల ఉండెటోళ్లం. రాష్ట్రం పోటీరా! ఎన్నేండ్ల సంది సూస్తున్న నేను?"

"సోమవారం నువ్ హైదరాబాద్ పోకుండుడే మంచిదాయె."

"ఏందీ?"

"పోకుండుడే మంచిదన్న."

"నువ్వెవడివిరా చెప్పెటందుకు? ఆపు కారు. చివ్వెంల కాడ దింపు, బస్సుల పోత. ఇగ నీ మొఖం సూడ."

"దిగు. దిగి యాడికన్న పో. దవాఖానకు మాత్రం పోకు! పేకముక్కలే ముఖ్యం గదా నీకు."

"దవాఖాన ముచ్చట నడుమ ఎందుకొచ్చింది?"

"నిన్న దవాఖానకు ఫోన్ చేసిన. సోమవారమే గదా నీ గొంతు గడ్డ ఆపరేషన్, పొద్దుగాల ఎన్నింటికి తీస్కరావాలె అని అడుగుదామని. డేట్ తీసేసినం అన్నది నాగరాణి సిస్టర్."

"ఆమె ఇంకేమన్నది?"

"ఇంకేమంటది? మీ అక్కనడుగు అన్నది. అడిగే పనేముంది? ఎండకాలంల గూడ గిట్లనే చేసినవ్. మిర్యాలగూడ పోటీ ఉందని ఆపరేషన్ జరిపినవ్. అప్పటి సంది గడ్డ పెరిగింది. ఇప్పుడు హైదరాబాద్ అని ఇంకోసారి జరుపుతవా?"

"గందుకా పాస్ అన్నవ్?"

"గందుకే అన్న! ఓడిపోతే హైదరాబాద్ పోవుడే ఉండదు గదా అని. తిట్టు, కొట్టు, మందిల నన్ను బద్నాం చెయ్యి. నువ్ బతికుంటే సాలు నాకు. మళ్ల యేడాది నేనే తీస్కపోత హైదరాబాద్, ఒట్టు. డేట్ తిరిగి అడుగుదాం, సోమవారం ఆపరేషన్ చేయించుకో అక్కా."

"మళ్ల యేడాదా?"

"ఆఁ, మళ్ల యేడాది. ఇద్దరం పోదాం."

"డేట్ తీసేసింది నేను కాదురా. డాక్టరే. ఇగ కోసినా లాభం లేదన్నడు."