దస్తీ ఏసిన కుర్చీ

రెండువేల ఇరవై నాలుగు, ఎండకాలం. అట్లనే రాసుకో ఎస్సై సారూ. ఎండకాలం అన్నది ఇడిసిపెట్టకు. మా అశోక్ నగర్ గల్లీల పేపర్లు చదివే రూం ఉంది గదా, దాంట్ల తిరిగే ఫ్యాన్ ఒక్కటే. దాని కింద కుర్చీ ఒక్కటే. కొట్లాట గా కుర్చీకే.

ఏంది, నవ్వుతున్నవు? ముసలోడు కుర్చీ కోసం కొట్టిండా అనా? కుర్చీ కోసం కొట్లాడనోడు ఎవడున్నడో చెప్పు!

పేరు ఉప్పలయ్య. చదువు రాత్రిబడిల. అక్షరం మీద వేలు పెట్టి చదువుత. ఒక్క పేజీకే పొద్దెక్కుతది.

మొన్న శుక్రవారం పోయేసరికి కుర్చీల మనిషి లేడు. దస్తీ ఉంది. ఊరంత ఇదే పరేషాన్ సారూ! నారాయణగూడల బస్సు ఆగకముందే కిటికీలకెళ్లి దస్తీ ఏస్తరు, సీటు వాళ్లదే. చిక్కడపల్లిల పెండ్లి బంతిల దస్తీ ఏస్తరు, ఇస్తారాకు వాళ్లదే. కడుపుతోని ఉన్నామె నిలవడితె ఎవ్వరు జరగరు. గుడ్డపేలికకు మాత్రం జాగ ఇస్తరు. నేనూ ఏసిన. ఏయలేదంటలేను.

దస్తీ తీసి బల్ల మీద పెట్టి కూసున్న.

అంతల క్రాంతికుమార్ చాయ్ తాగి వచ్చిండు. హాస్టల్ల ఉండి సర్కారు నౌకరీకి చదివే పిలగాడు. పిలగాడు అంటున్న గాని, నెత్తి మీద ఎంటికలు పల్చవడ్డయ్.

"లే తాతా. దస్తీ కనవడలేదా?"

"కనవడ్డది. పలకరిస్తే పలకలే."

"సినిమా బొమ్మలు చూసేటందుకు ఫ్యాన్ గాలి కావాల్నా నీకు? ఆదివారం నా పరీక్ష. వయసు దాటుతుంది, నాకు ఇదే ఆఖరుది."

"నాకు పుట్టినకాన్నుంచి అన్నీ ఆఖరువే. పక్కకు కూసో పో."

కుర్చీ గుంజిండు. కింద పడ్డ. పెదవి పగిలి నోరంత నెత్తురు. రూం నిండ పిల్లలు పౌరుని బాధ్యతలు బట్టీ పడుతున్నరు. ఒక్కలు తల ఎత్తలే! లేస్తే వాళ్ల కుర్చీ ఎవడు గుంజుకుంటడో అని.

లేచిన. ఇనుప కుర్చీ మడతపెట్టి ఎత్తిన. వాడు దస్తీ తీసుకుందామని బల్ల మీద చెయ్యి పెట్టిండు. ఆ చెయ్యి మీదనే దించిన. సుద్దముక్క ఇరిగిన సప్పుడు. మల్ల ఎత్తిన, మల్ల దించిన.

వాడు అరవలే సారూ. "తాతా, కుడిచెయ్యి" అన్నడు. అంతే.

కోపంల కొట్టిండు అని రాస్తున్నవా? జర ఆగు, కొట్టెయ్ ఆ మాట. మొదటి దెబ్బ కోపం. దానికి రూంల అందరు తలలు ఎత్తిండ్రు. నా దిక్కు చూసిండ్రు. ఇన్నేండ్ల సంది పోతున్న, ఎన్నడు చూడనోళ్లు. గట్ల చూసుడు నాకు మంచిగనిపించింది. రెండోది అందుకు కొట్టిన.

వాడు కేసు వద్దన్నడా? వాని ఇష్టం. నువ్వైతే రాసుకో.

మూడు వేళ్లు ఇరిగినయ్. నిన్న వాడు పరీక్ష రాయలేదు.