క్రాసిస్ పుట, మా చీటీలక్కయ్య

1988 జూన్ పదమూడున, జోరువానలో తడిసిన చెప్పులు చేతబట్టుకుని మా గ్రీకు నిఘంటు కార్యాలయంలో సహాయ సంపాదకులుగా బాధ్యతలు స్వీకరించిన మా చీటీలక్కయ్య గారు, ముప్పై ఆరేళ్ళ అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ పొందుతున్నారు. అర్థానికో చీటీ రాసి, పదానికో కట్ట కట్టే మా పనిలో ఆ పేరే ఆమెకు బిరుదు.

తొలి దశాబ్దంలో ఆమె తీర్చిదిద్దిన పదాలలో అత్యంత ప్రీతిపాత్రమైనది ‘క్రాసిస్’. ‘కలుపు’ అనే ధాతువు నుండి జనించి, మొదట విందులలో ద్రాక్షసారాయానికి నీరు కలపడమై, వైద్యుల చేతిలో దేహధాతువుల సమతూకమై, ఋతువుల సమశీతోష్ణమై, చివరికి మనిషి స్వభావమే అయిందా పదం. నేను చేరిన కొత్తలో, మధ్యాహ్నాలు కిటికీ పక్కన గ్లాసెడు నీళ్ళలో ఒక్క సిరాచుక్క వదిలి, అది నీలిపొగలా విచ్చుకుని నీళ్ళలో లీనమయ్యేదాకా మైమరచి చూసేవారు. కోప్పడదామని వచ్చిన అధికారి కూడా ఓసారి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

1999లో వెలువడిన రెండవ సంపుటంలో ‘క్రాసిస్’ కింద ‘గింజలను కలగలపడం’ అని అచ్చయింది. గింజలెంత కలిపినా విడివిడిగానే ఉంటాయి. అటువంటి కలయికను ప్రాచీనులు కొందరు ‘మిక్సిస్’ అన్నారు. నిఘంటు సంఘం సంజాయిషీ అడిగితే తప్పు తనదేనన్నారు అక్కయ్య. ఆమెకు రావలసిన ప్రధాన సంపాదకత్వం ఏడేళ్ళు వెనక్కి పోయింది. పరాకుతో కొంప ముంచుకుందని ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ ఆటపట్టిస్తారట.

బావగారూ, అమ్మాయీ, ఆమె పరాకుగా లేరు. ఆ చీటీని తప్పు కట్టలో కట్టింది నేను. చేరి నాలుగు నెలలు, పర్మనెంటు కాలేదు. చెప్పేస్తానని లేస్తే అక్కయ్యే వరండాలో ఆపేశారు.

“నాకు పోయేది ప్రమోషనే, నీకు పోయేది ఉద్యోగం. నోరు మూసుకుని కూర్చో తమ్ముడూ” అన్నారు.

ఇరవై అయిదేళ్ళు అలాగే కూర్చున్నాను. సిగ్గుగా ఉంది.

మా కార్యాలయ పత్రిక ఈ సంచిక ప్రూఫులు దిద్దే చివరి పని కూడా ఆమెదే. పై సంగతంతా అడ్డంగా కొట్టేసి, అంచున ‘అనవసరం’ అని రాసి పంపారు. ఆమె దిద్దుబాటును నేను పాటించకపోవడం ఇదే మొదలు. అక్కయ్యా, మీరు సంపూర్ణ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి, ఇందుకు నన్ను తిడుతూనే ఉండాలి.