ఊదిండు, తాగలే

ఏంది కాలేబూ, గింత పొద్దుగాల్నే మందు పంపు దీసినవ్? కందికా? కొట్టు, కొట్టు. పూత మీద పురుగు వడ్డదని మీ నాయిన రాత్రే చెప్పిండు. గీ డబ్బా కొత్తదా? ఏది, ఇటు తే. పచ్చ గుర్తున్నది, ఎర్ర గుర్తు లేదు, విషం తక్కువన్నట్టు, మంచిదే. వాసనే లేదేంది, నీళ్ల లెక్కున్నది? మూతెడు వోస్తె పంపుకు చాలంటవా? మా కాలంల మందు డబ్బా మూత దీస్తె వాడకట్టంత తుమ్ముతుండె. గదే నయం అనిపిస్తది నాకు. నవ్వకు. వాసనొస్తె మనిషి జర ఎనుకకు జరుగుతడు. గిది చెప్పదు గదరా. గందుకే నాకు భయమైతుంది.

జర కూసో. ఎండ రాకముందె కొట్టాలె, నాకెరుకే. నా తమ్ముడు లాజరు సుత గదే అంటుండె. నువ్వు వాన్ని జూడలే, అప్పటికి మీ నాయినే ఇంకా లాగు తొడుక్కునే పోరడు. నాగల్‌గిద్ద దిక్కు ఏ చేన్ల మందు గొట్టాలన్నా వాన్నే పిలుద్దురు. అవుతలి కన్నడపోళ్లు సుత 'లాజరన్నా, బర్రి బర్రి' అని వాళ్ల భాషల రమ్మనుకుంట వద్దురు. అంగి ఇడిసి తువ్వాల నడుముకు గట్టి పాట వాడుకుంటనే కొడుతుండె. వాని పాటలు వేరేరా నాయినా, చర్చిల వాడేది చేన్ల వాడుతడు, చేన్ల వాడేది చర్చిల అందుకుంటడు, పాస్టరు పరేషాన్. ఆఁ, ఏం జెప్తున్న? నాజిల్. గదే, పంపు కొసకు మందు చిమ్మే మూతి. కుంట నీళ్లు గద, నాజిల్ల నలుసు వట్టి బందయితుండె. వట్టిందనుకో, ఇప్పి, నోట్ల వెట్టుకొని తుఫ్ఫుమని ఊదుతుండె. వాడొక్కడేంది, అందరూ గట్లనే. నోరు పుక్కిలిచ్చి బీడీ ముట్టిస్తె అయిపాయె.

గా దినం మందు మస్తు తేజు. నాజిల్ మాటిమాటికి వట్టిందంట. పగటీలి ఇంటికొచ్చి గడప కాడ్నే కూలవడ్డడు, నోట్లకెల్లి నురుగు. జీపుల ఏసుకొని నారాయణఖేడ్ దవాఖానకు ఉరికినం. ఆడ డాక్టరు 'ఎందుకు తాగిండు?' అంటడు. తాగుడేంది సారూ అంటె ఇనడు. వాని పెండ్లాం గ్రేసమ్మ 'ఊదిండయ్యా, తాగలే, ఊదిండు' అని ఆయన కాళ్ల మీద వడ్డది. పొద్దుమీకకముందే పాణం వోయింది. ఇగ ఊరు ఊకుంటదా? 'పెండ్లాంతోని లొల్లయ్యిందట, మందు తాగిండట' అని సమాధి కాడ్నే గుసగుసలు. నాకు ఇప్పటికీ కడుపు మండుతది. లొల్లి లేదు, ఏం లేదు. పొద్దుగాల జొన్నరొట్టె దిని పాడుకుంట వొయ్యిండు వాడు.

గా గ్రేసమ్మ ముసల్దయినా మరువలే. వాడకట్టుల ఎవ్వలు పంపు ఎత్తుకున్నా ఎదురొచ్చి చేతుల చీపురు పుల్ల వెడుతుండె. 'ఊదకు బిడ్డా, పుల్లతోని పొడువు' అంటుండె. పిచ్చిదన్నరు, నవ్విండ్రు, పుల్ల మాత్రం జేబుల ఏసుకొనే వొయ్యిండ్రు. పోయినేడు ఆమె సుత పాయె. గందుకే నేను తెచ్చిన, ఇగో, పట్టు. మొఖానికి తువ్వాల గట్టుకో, గాలికెదురు వోకు, ఇంటికి రాంగనే సబ్బు వెట్టి తానం జెయ్యి. మందేమో కంపెనీ సార్లు మంచిగ జేసిండ్రు, కాదంటలేను. నోరు పాతదే గదరా మనది.

ఏంది, ఉత్త నీళ్లు వోసి చూస్తున్నవా? మంచిదే. ఒక్క పక్కకే చిమ్ముతుంది చూడు, నాజిల్ వట్టినట్టుంది. పోయినసారి కొట్టినంక కడిగినవా లేదా దాన్ని? ఇప్పు. మెల్లగ. ఆఁ, గట్ల. పుల్ల నీ చేతులనే ఉన్నది గద, గింతంత పొడిస్తె...

కాలేబూ! అరే, నాజిల్ నోట్లకెల్లి తియ్యిరా!