స్లాబు కింద కత ఆట

"నేనేం పెద్ద పని చెయ్యలే. కార్ఖానా కూలిన నాడు ఇద్దర్ని నిద్రపోనియ్యలే, గంతే" అన్నడు గాలయ్య.

పొద్దుగాల, రాత్రి పాళీ ఒడిసి పగటి పాళీ ఎక్కే యాళ్ళ. పద్మనగర్‌ల మల్లవ్వ చాయ్ బండి కాడ బట్ట నేసే సాంచలు దిగొచ్చినోళ్ళు పదిమంది నిలబడ్డరు. అందుల భీమ్‌రావు ఊరికెల్లి కొత్తగ వచ్చినోడు.

"నిద్రపోతే ఏమైతుండె కాకా?" అని అడిగిండు భీమ్‌రావు.

"ఏమైతదా? గాలాడని జాగల కన్ను మూస్తే మల్ల తెరుస్తరా? స్లాబు కింద నేను, స్వామి, సాంచలు బాగుచేసే జాబర్ స్వప్నిల్. ముగ్గురం. చీకటి. స్వామి కాలు దూలం కింద. ఎట్లన్న మాట్లాడిపియ్యాలె. మా శ్రద్ధ లేదా, గోదాం ఆఫీసుల పని చేస్తది..."

మల్లవ్వ చాయ్ వడగట్టుకుంట ఒక్కసారి తలెత్తి సూసింది.

"...ఐతారం ఐతారం దోస్తులతోని కత ఆట ఆడుతది. ఒకలు కత చెప్తరు. ఒకలు దొంగైతరు, ఒకలు సిపాయైతరు. 'నేను గోడ దుంకుతున్న' అంటరు, పాచిక ఏస్తరు, పడ్డదాన్ని బట్టి దుంకినట్టో, కాలిరిగినట్టో. నేను గదే షురూ చేసిన. 'మనం రాజు బందిఖానల ఉన్నం, ఎట్ల బయటపడ్తరు చెప్పుండ్రి' అన్న. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆట ఆగమాగమైంది! స్వామి ఒక్కడే గంటసేపు కత్తి తిప్పుతడు, అవుతల స్వప్నిల్ కునుకు తీస్తడు. లేపితే 'గిదెప్పుడు ఒడుస్తది' అని ఏడుస్తడు."

"మరేం జేసినవ్?"

"అష్టచెమ్మ యాదికొచ్చింది! దాంట్ల ఎవ్వని వంతు వానిది, ఒకడే పెత్తనం చెయ్యనీకి లేదు. కాయ ఏడుందో అందరికి కానొస్తది. పండే ఇల్లు నడిమిట్ల ఉంటది, గాడికి చేరితే ఆట ఒడిసినట్టే. కత ఆటల గివేం లేవు, అందుకే మనిషి అలసిపోతడు. సిమెంటు దుమ్ముల వేలితోని గళ్ళు గీసిన. ఒక్కో గడి ఒక్కో అర్ర, నడిమి గడి బందిఖానా దర్వాజ. గవ్వలకు బదులు, నూలు చుట్టే బాబిన్ ఇరిగిన ముక్కలు. ఏసుడు, చేత్తోని తడిమి సూసుడు, పడ్డన్ని గళ్ళు జరుగుడు, ఆ అర్రల ఏం జరిగిందో చెప్పుడు. పది లెక్కపెట్టే లోపట నోరు తెరువకుంటే కాయ చచ్చినట్టు. ఇగ ఎవనికి నిద్రొస్తదే? మూడు దినాలు ఆడిచ్చిన!"

"మూడు దినాలా? నీళ్ళు లేకుంట?"

"ఐదు! స్లాబు మల్ల కుంగబట్టె. నేను వీపు పెట్టిన. వీపు మీద స్లాబు, చేతుల బాబిన్లు. పక్కన కూలోళ్ళుండే చాల్ కూడ కూలిందాయె, ఆడోళ్ళు నీళ్ళ పైపు మీద కొట్టి వంతు అడుగుతున్నరు. అరవై మందికి ఆడిచ్చిన! తవ్వే మిషన్ డ్రైవర్ ఇంజన్ బంద్ చేసి 'కత ఏడిదాక వచ్చింది' అంటడు. పోలీసోళ్ళ పెద్ద సాబు పొక్కలకెల్లి పాక్కుంట వచ్చి 'నేను దొంగనైత' అని..."

"గాలన్న."

వెనకకెల్లి వచ్చింది ఆ మాట. సంకల కర్రతోని ఒకడు నిలబడ్డడు. ఆర్నెల్ల కింద ఊరికి పోయిన స్వామి. ఎడమ కాలు మోకాలి దాకనే ఉంది.

గాలయ్య చాయ్ గిలాస బండి మీద పెట్టిండు.

"పదకొండు గంటలు" అన్నడు స్వామి, భీమ్‌రావు దిక్కు తిరిగి. "ఐదు దినాలు గాదు. ముగ్గురమే, అరవై గాదు. గళ్ళు గీసింది, ఆడిచ్చింది నర్సింహులన్న. శ్రద్ధ ఆయన బిడ్డ. దవాఖానల గీ ముచ్చటంత నేనే గాలన్నకు చెప్పిన."

స్వామి కర్ర సంకల సర్దుకున్నడు.

"కూలినంక పదో గంటకు నర్సింహులన్నతోని 'అన్నా, నీ వంతు' అన్న. పలుకలే. స్వప్నిల్ పది లెక్కపెట్టిండు. మల్ల పది. చెయ్యి వెతికి పట్టుకుంటే సల్లగుంది. ఆపితే మేం గూడ పోతమని ఆయన వంతు మేమే ఏసినం. మమ్మల్ని గుంజేదాక ఏసినం."

భీమ్‌రావు గాలయ్య దిక్కు సూసిండు. "మరి నువ్వేడున్నవ్ కాకా?"

గాలయ్య బండి పక్క బల్ల మీద కూసున్నడు.

"చాయ్‌కు పోయిన. నర్సింహులు పాళీ అయిపోయి ఇంటికి పోతుండె. 'పది నిమిషాలు నా సాంచలు సూడు, వస్త' అని నిలబెట్టి పోయిన. రోడ్డు దాటినంక సప్పుడైంది."

"నాకు ఎర్కే" అన్నడు స్వామి. "చీకట్ల ఆయనే చెప్పిండు. 'గాలయ్య బయటున్నడు, మంచిగైంది' అన్నడు."

గాలయ్య రెండు చేతులతోని మొఖం కప్పుకున్నడు. స్వామి కర్ర ఆనిచ్చి ఆయన పక్కపొంటి మెల్లగ కూసున్నడు.

"కత మంచిగ చెప్తవే. నాకట్ల చెప్పరాదు. చెప్పు, మొదటికెల్లి చెప్పు. ఆయన పేరు పెట్టి చెప్పు."

గాలయ్య చేతులు తీసిండు. "నర్సింహులు..." అన్నడు. ఆడికే ఆగిపోయిండు.